ముందు చోక్, ఆ తర్వాతే ఫిల్టర్: డ్రైవ్‌ల హార్మోనిక్స్ తగ్గించే సరుకు మీద రివ్యూ

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్. ఏ షెడ్డులోకి తొంగి చూసినా స్టార్ డెల్టా స్టార్టర్ ఉండాల్సిన చోట ఇప్పుడు డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంటోంది. కరెంటు ఆదా అవుతున్న మాట నిజమే. దాంతోపాటే కెపాసిటర్లు ఉబ్బడం, కారణం తెలియకుండా బ్రేకర్ పడిపోవడం, లోడు సగమే ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ చేయి పెట్టలేనంత వేడెక్కడం కూడా మొదలవుతాయి. డ్రైవ్ లాగే కరెంటులో 50 హెర్ట్జ్‌తో పాటు దాని గుణిజాల్లో కలిసొచ్చే కరెంట్లే హార్మోనిక్స్, ఈ తిప్పల వెనక ఉండేవి అవే. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి యాక్టివ్ హార్మోనిక్ ఫిల్టర్ పెట్టించుకోమని కొటేషన్ ఇచ్చి వెళ్తారు.

ఆ కొటేషన్ చేతిలో పెట్టుకుని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ రివ్యూ. ఇందులో చూస్తున్న సరుకు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి డ్రైవ్ ముందు పెట్టే 3 శాతం ఇన్‌పుట్ లైన్ చోక్, అంటే ఫుల్ కరెంటు దగ్గర ఫేజు వోల్టేజీలో 3 శాతం తనమీద పడేలా ఇనుప కోరు మీద చుట్టిన తీగ చుట్ట. రెండోది 415 వోల్టుల, 100 ఆంపియర్ల, త్రీ వైర్ (న్యూట్రల్ లేని) యాక్టివ్ ఫిల్టర్. పాసివ్ ఫిల్టర్, 12 పల్స్, యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ డ్రైవ్ గురించి చివర్లో నాలుగు మాటలు. కంపెనీల పేర్లు పెట్టి ర్యాంకులు ఇవ్వడం లేదు. ఒకే రేటింగ్‌లో వచ్చే యూనిట్ల మధ్య కన్నా, ఒకే యూనిట్‌ని సరిగ్గా పెట్టినచోటికీ తప్పుగా పెట్టినచోటికీ ఎక్కువ తేడా ఉంటుంది కాబట్టి.

మార్కులు ముందే చెప్పేస్తే చోక్‌కి 5కి 5. యాక్టివ్ ఫిల్టర్‌కి, డ్రైవ్‌లన్నిటికీ చోక్‌లు ఉంటే 5కి 4, లేకపోతే 5కి 2. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎందుకో చెప్పడమే ఇక్కడ అసలు పని.

డ్రైవ్ లోపల మొదట ఉండేది ఆరు డయోడ్ల బ్రిడ్జి, దాని వెనక పెద్ద కెపాసిటర్. లైన్ వోల్టేజీ కెపాసిటర్ వోల్టేజీని దాటిన కాసేపు మాత్రమే బ్రిడ్జి కరెంటు లాగుతుంది. అందుకే స్కోపులో చూస్తే ఒక్కో అర సైకిల్‌లో ఒంటె మూపురాల్లా రెండు గుబ్బలు కనిపిస్తాయి, మధ్యలో కరెంటు సున్నా దాకా పడిపోతుంది. ఈ ఆకారంలోంచే 5, 7, 11, 13వ హార్మోనిక్స్ పుడతాయి. మన 50 హెర్ట్జ్ లెక్కలో అవి 250, 350, 550, 650 హెర్ట్జ్. న్యూట్రల్ లేదు కాబట్టి 3వది మామూలుగా రాదు. ఒక డ్రైవ్ ఇన్‌పుట్‌లో 3వ హార్మోనిక్ గట్టిగా కనిపిస్తోందంటే ఫేజుల వోల్టేజీలు సమానంగా లేవని అర్థం. ముందు అది సరిచేయాలి, ఫిల్టర్ సంగతి తర్వాత.

చోక్ లేని డ్రైవ్ బలమైన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే కరెంటు టీహెచ్‌డీ (ఫండమెంటల్, అంటే 50 హెర్ట్జ్ కరెంటుతో పోలిస్తే హార్మోనిక్స్ మొత్తం ఎంత శాతమో చెప్పే అంకె) 80 శాతం దాటడం మామూలే. ఫండమెంటల్ 100 ఆంపియర్లు అనుకుంటే కేబుల్‌లో నిజంగా పారేది 128 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కేబుల్‌లో నష్టం 1.64 రెట్లు అవుతుంది. అదే డ్రైవ్‌కి 3 శాతం చోక్ పెడితే టీహెచ్‌డీ దాదాపు 40 శాతానికి వస్తుంది. అప్పుడు పారేది 108 ఆంపియర్లు, వేడి 1.16 రెట్లు. పవర్ ఫ్యాక్టర్ చూసినా ఇదే కథ. డిస్‌ప్లేస్‌మెంట్ పవర్ ఫ్యాక్టర్ (హార్మోనిక్స్‌ని వదిలేసి 50 హెర్ట్జ్ కరెంటుకే లెక్కేసినది) 0.98 ఉన్నా 80 శాతం టీహెచ్‌డీ దగ్గర అసలు పవర్ ఫ్యాక్టర్ 0.77 మాత్రమే, 40 శాతం దగ్గర 0.91. ఈ లోటు కెపాసిటర్లతో తీరేది కాదు. పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉందని ఇంకో 50 కేవార్ (కెపాసిటర్ల సామర్థ్యాన్ని కొలిచే యూనిట్) కెపాసిటర్లు తగిలిస్తే ఏమవుతుందో కింద చూద్దాం. దక్షిణ తెలంగాణ డిస్కం టీజీఎస్పీడీసీఎల్ ఇచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పవర్ ఫ్యాక్టర్ తగ్గేకొద్దీ పెరిగే యూనిట్ల మీద వస్తుంది కాబట్టి ఈ అంకెలు ఇంజనీరుకే కాదు, లెక్కలు చూసేవాళ్లకీ పనికొస్తాయి.

ఇక చోక్. చూడ్డానికి మూడు కాళ్ల ఇనుప కోరు, మూడు చుట్లు, ఆరు టెర్మినళ్లు. ఇంత సాదా వస్తువు ఇంత పని చేయడం చూస్తే ముచ్చటేస్తుంది. లోపల ఎలక్ట్రానిక్స్ లేవు, ఫ్యాన్ లేదు, సెట్టింగు లేదు. ఏపీఎఫ్‌సీ ప్యానెల్‌లో (పవర్ ఫ్యాక్టర్‌ని బట్టి కెపాసిటర్లని తనంతట తానే కలిపి, తీసే ప్యానెల్‌లో) కెపాసిటర్ ఆన్ అయినప్పుడు వచ్చే వోల్టేజీ ఉప్పెన డయోడ్ల దాకా రాకుండా ఆపుతుంది. ఓవర్ వోల్టేజీ అంటూ ఊరికే ట్రిప్ అయ్యే డ్రైవ్‌లు చాలావరకు చోక్ పడగానే నెమ్మదిస్తాయి.

కొనేటప్పుడు శాతం ఒక్కటే చెబితే చాలదు, ఏ కరెంటు మీద ఆ శాతమో కూడా రాయించుకోవాలి. ఇన్‌పుట్ 85 ఆంపియర్లు ఉన్న డ్రైవ్‌కి బేస్ ఇంపిడెన్స్ ఎంతంటే 415ని 1.732తో, మళ్లీ 85తో భాగిస్తే వచ్చే 2.82 ఓములు. అందులో 3 శాతం 0.0846 ఓములు. దాన్ని 314తో భాగిస్తే ఫేజుకి 0.27 మిల్లీ హెన్రీలు. నేమ్‌ప్లేటు మీద ఈ అంకె, ఆర్ఎంఎస్ కరెంటు (హార్మోనిక్స్ కూడా కలిసిన అసలు కరెంటు), ఎంత కరెంటు దాకా ఇండక్టెన్స్ పడిపోకుండా ఉంటుందో ఆ అంకె, ఇన్సులేషన్ క్లాసు ఉండాలి. మూడో అంకె అడగకుండా కొనకండి. చోక్ అవసరం ఎక్కువగా పడేది కరెంటు గుబ్బ శిఖరం దగ్గరే. కోరు చిన్నదైనా గాలి గ్యాప్ సరిగ్గా లేకపోయినా అక్కడే ఇనుము సాచురేట్ అయిపోతుంది, అంటే ఇక అయస్కాంతత్వం పట్టక ఇండక్టెన్స్ పడిపోతుంది. నేమ్‌ప్లేటు మీద 3 శాతం అని ఉంటుంది, పని మాత్రం 1 శాతం చోక్ చేసినట్టుంటుంది. రేటెడ్ కరెంటుకి 150 శాతం దాకా ఇండక్టెన్స్ నిలబడాలని ఆర్డరులోనే రాయాలి.

వచ్చిన చోక్ అసలైనదో కాదో షెడ్డులోనే తేల్చుకోవచ్చు. డ్రైవ్ లేకుండా, మామూలు మోటారు లోడుతో చోక్ గుండా రేటెడ్ కరెంటు పంపి, ఒక్కో ఫేజులో చోక్ ఇన్‌పుట్ టెర్మినల్‌కీ అవుట్‌పుట్ టెర్మినల్‌కీ మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి. ఫేజు వోల్టేజీ 240లో 3 శాతం అంటే 7.2 వోల్టులు రావాలి. సగం కరెంటే పంపగలిగితే 3.6. మూడు ఫేజుల్లోనూ రీడింగు దగ్గరదగ్గరగా ఉండాలి. ఇదే కొలత డ్రైవ్ నడుస్తుండగా తీస్తే 7.2 కన్నా బాగా ఎక్కువ చూపిస్తుంది. చోక్‌లో 250 హెర్ట్జ్ కరెంటుకి ఐదు రెట్ల ఇంపిడెన్స్ ఎదురవుతుంది కాబట్టి అది చోక్ తప్పు కాదు. డ్రైవ్ మీద కొలిచి "మాకు 5 శాతం చోక్ ఇచ్చారు" అని సంబరపడితే మోసపోయినట్టే.

రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో అడిగేటప్పుడు "డ్రైవ్ చోక్" అంటే సరిపోదు. ఇన్‌పుట్ చోక్ వేరు, మోటారు వైపు పెట్టే అవుట్‌పుట్ చోక్ వేరు. అవుట్‌పుట్‌లో కిలోహెర్ట్జ్‌ల స్విచింగ్ ఉంటుంది. 50 హెర్ట్జ్ కోసం చేసిన మామూలు చోక్‌ని అక్కడ పెడితే కోరు మాడిపోయేంత వేడెక్కుతుంది. బిల్లు మీదే "ఇన్‌పుట్ వైపు, 50 హెర్ట్జ్" అని రాయించుకోండి.

రాగి చుట్టా అల్యూమినియం చుట్టా అన్న వాదనలో మా మాట ఇది. సరైన సైజులో చుట్టిన అల్యూమినియం చోక్ పనికిరానిదేమీ కాదు. బాధ టెర్మినల్ దగ్గరే వస్తుంది. రాగి లగ్గుని నేరుగా అల్యూమినియం మీద బిగిస్తే జాయింటు నల్లబడి, వదులై, కాలిపోతుంది. బైమెటల్ లగ్గు లేకుండా అల్యూమినియం చోక్ తీసుకోవద్దు. ప్యానెల్‌లో చోక్‌ని డ్రైవ్ కింద పెట్టడం ఇంకో పొరపాటు, దాని వేడంతా డ్రైవ్ మీదికే ఎక్కుతుంది. పైన గానీ, ప్యానెల్ బయట జాలీ పెట్టెలో గానీ ఉండాలి. క్లాస్ హెచ్ (ఎక్కువ వేడిని తట్టుకునే ఇన్సులేషన్ ఉన్న) చోక్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అది సహజం. రొద మాత్రం ఒకే స్థాయిలో ఉండాలి. గరగరమని మోత వస్తే కోరు బోల్టులు గానీ, గ్యాప్‌లో పెట్టిన ఇన్సులేషన్ ముక్కలు గానీ వదులైనట్టు.

5 శాతం చోక్ పెడితే ఇంకా మంచిది కాదా అని చాలామంది అడుగుతారు. టీహెచ్‌డీ 40 నుంచి 35 దగ్గరికి వస్తుంది, అంతే. బదులుగా ఫుల్ లోడులో డీసీ బస్ (డ్రైవ్ లోపలి కెపాసిటర్) వోల్టేజీ ఇంకొంచెం కిందికి దిగుతుంది. ఎండాకాలంలో లైను 390 వోల్టులకు పడిపోయే ఫీడరు మీద ఉన్నవాళ్లకు అది అండర్ వోల్టేజీ ట్రిప్ రూపంలో తగులుతుంది. పెద్ద డ్రైవ్‌లలో చాలావాటికి డీసీ చోక్ లోపలే ఉంటుంది, మాన్యువల్ తెరిచి చూడండి. అది ఉంటే దాని మీద 5 శాతం ఏసీ చోక్ దండగ. చాలా షెడ్లకు 3 శాతమే సరిపోతుంది.

ఇప్పుడు యాక్టివ్ ఫిల్టర్. సీటీలతో (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లతో) లోడు కరెంటు చదివి, అందులోని హార్మోనిక్స్‌ని విడదీసి, సరిగ్గా వాటికి ఎదురు కరెంటుని ఐజీబీటీలతో (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే పవర్ ట్రాన్సిస్టర్లతో) తయారుచేసి లైనులోకి పంపే యంత్రం ఇది. బాగా పెట్టినచోట మీటర్లో తరంగం కళ్లముందే గుండ్రబడుతుంది. చక్కటి యంత్రమే. కాకపోతే దీని ధర ఆంపియర్ల లెక్కన పెరుగుతుంది, ఆ ఆంపియర్లు ఎన్ని కావాలో చోక్‌లు తేలుస్తాయి.

ఒక లెక్క చూడండి. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపిడెన్స్ 5 శాతం. ఫుల్ లోడు 696 ఆంపియర్లు, షార్ట్ సర్క్యూట్ కరెంటు సుమారు 13.9 కిలో ఆంపియర్లు. షెడ్డు గరిష్ఠ డిమాండు 400 ఆంపియర్లు, అందులో 300 డ్రైవ్‌లవి, అంటే 45 కిలోవాట్లవి నాలుగు. షార్ట్ సర్క్యూట్ కరెంటుకీ గరిష్ఠ డిమాండుకీ నిష్పత్తి 35 దగ్గర వస్తుంది. హార్మోనిక్స్ పరిమితులు చెప్పే ఐఈఈఈ 519 ప్రమాణం పట్టికలో 20 నుంచి 50 మధ్య నిష్పత్తికి టీడీడీ (గరిష్ఠ డిమాండు కరెంటుతో పోలిస్తే హార్మోనిక్స్ శాతం) పరిమితి 8 శాతం, అంటే 32 ఆంపియర్లు. చోక్‌లు లేకుండా 75 శాతం అనుకుంటే డ్రైవ్‌ల హార్మోనిక్ కరెంటు 225 ఆంపియర్లు. ఫిల్టర్ 193 తీయాలి, కాబట్టి 200 ఆంపియర్ల యూనిట్, అదీ అంచు మీద. చోక్‌లు పెట్టాక 40 శాతం, 120 ఆంపియర్లు. తీయాల్సింది 88, కాబట్టి 100 ఆంపియర్ల యూనిట్ చాలు. నాలుగు చోక్‌ల ఖర్చు ఆ మిగిలిన 100 ఆంపియర్ల ధర పక్కన పెట్టి చూసుకోండి. హెచ్‌టీ కనెక్షన్‌లో ఈ లెక్క నిజానికి 11 కేవీ మీటరింగ్ దగ్గర చేయాలి, అక్కడ నిష్పత్తి మారుతుంది. పద్ధతి మాత్రం ఇదే.

చోక్ లేనిచోట ఫిల్టర్‌కి 2 మార్కులే ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. యాక్టివ్ ఫిల్టర్ పనిచేయడం మొదలెట్టగానే బస్‌బార్ దగ్గర వోల్టేజీ శుభ్రపడుతుంది. డ్రైవ్‌కి అది మరింత బలమైన సోర్సులా కనిపిస్తుంది. దాంతో డ్రైవ్ ఇంకా మొనదేలిన గుబ్బలు లాగుతుంది, హార్మోనిక్ ఆంపియర్లు పెరుగుతాయి. ఫిల్టర్ ఇంకా ఎక్కువ పంపాలి, చివరికి నిండిపోయి కరెంటు లిమిట్ దగ్గర ఆగిపోతుంది. కొన్న రేటింగ్ సరిపోలేదనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

రెండో పెద్ద తప్పు సీటీల దగ్గర జరుగుతుంది. సీటీ మీద పీ1 అని రాసిన ముఖం సోర్సు వైపు చూడాలి, ఆర్ ఫేజు సీటీ ఆర్ ఇన్‌పుట్‌కే వెళ్లాలి, సెకండరీ టెర్మినళ్లు ఎస్1 ఎస్2 తారుమారు కాకూడదు. ఏది తప్పినా ఫిల్టర్ హార్మోనిక్స్‌ని తీయకపోగా వాటికి తోడు పోస్తుంది. ఆన్ చేయగానే సోర్సు వైపు టీహెచ్‌డీ పెరిగిందంటే వెంటనే ఆపి సీటీలు చూడాలి, పారామీటర్లు తిప్పుతూ కూర్చోకూడదు. ప్రైమరీలో కరెంటు పారుతుండగా సీటీ సెకండరీ వైరు విప్పకండి, ముందు సెకండరీ రెండు కొసల్నీ కలిపే షార్టింగ్ లింకు వేయాలి. తెరుచుకున్న సెకండరీలో పుట్టే వోల్టేజీ మనిషిని చంపగలదు. 500 కేవీఏకి 800/5 సీటీ సరిపోతుంది. ఎక్కడో మిగిలి ఉన్న 2000/5 తగిలిస్తే తక్కువ లోడులో ఫిల్టర్‌కి అందే సిగ్నల్ బక్కచిక్కిపోతుంది. క్లాసు 0.5 ఉండాలి. కెపాసిటర్ ప్యానెల్ కరెంటు ఆ సీటీలోంచి పోకూడదు, కెపాసిటర్ ట్యాపింగ్ తర్వాత, లోడు వైపు సీటీ ఉండాలి. లేకపోతే కెపాసిటర్ తాగే హార్మోనిక్స్‌ని కూడా లోడనుకుని ఫిల్టర్ దాన్ని వెంటాడుతుంది, రెండూ ఊగిసలాడుతాయి.

మూడోది వేడి, దుమ్ము. 100 ఆంపియర్లు అంటే సుమారు 72 కేవీఏ. అందులో 2, 3 శాతం నష్టం అనుకున్నా కిలోవాటున్నర నుంచి 2 కిలోవాట్ల హీటరు ప్యానెల్ గదిలో పెట్టినట్టు. ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. చాలా యూనిట్ల పూర్తి రేటింగ్ 40 డిగ్రీల దాకానే, ఆపైన అవి తమంతట తామే కరెంటు తగ్గించుకుంటాయి. అంటే జనవరిలో చేసిన కమిషనింగ్‌లో 8 శాతం చూపించిన ఫిల్టర్, మే నెల మధ్యాహ్నం చూపించకపోవచ్చు. ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూపే డీరేటింగ్ గ్రాఫు అడిగి తీసుకోండి. గ్రైండింగ్ జరిగే షెడ్డులో గాలి జాలీని పదిహేను రోజులకోసారి తీసి చూడాలి. బూడిదరంగు ఉన్నిలా పేరుకున్నది మామూలు దుమ్ము కాదు, అందులో ఇనుప రజను ఉంటుంది. అది లోపలి బోర్డుల మీద పడితే ఫిల్టర్ మొత్తం పోతుంది.

పాత కెపాసిటర్ ప్యానెల్‌ని అలాగే ఉంచి ఫిల్టర్ పెట్టడం గురించి కూడా చెప్పాలి. పైన చెప్పిన 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 10,000 కేవీఏ. మీద 200 కేవార్ ఉంటే, 10,000ని 200తో భాగించగా వచ్చే 50కి వర్గమూలం 7.07. అంటే ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి సరిగ్గా 7వ హార్మోనిక్ మీద రెజొనెన్స్‌లో ఉన్నాయి, ఆ హార్మోనిక్ కరెంటు వాటి మధ్య ఊగుతూ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంకో స్టెప్పు (కెపాసిటర్ల గుంపు) తగిలిస్తే అది 5వ దాని వైపు జరుగుతుంది. ఏపీఎఫ్‌సీ స్టెప్పులు మారినప్పుడల్లా రెజొనెన్స్ చోటు మారుతుంటుంది, అందుకే కెపాసిటర్లు ఒక్కో రోజు ఒక్కోలా కాలుతుంటాయి. మందు 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్, అంటే కెపాసిటర్‌తో సిరీస్‌లో పెట్టే చోక్. దానితో రెజొనెన్స్ 189 హెర్ట్జ్‌కి, అంటే 5వ హార్మోనిక్ కిందికి దిగిపోతుంది. అయితే రియాక్టర్ పెట్టగానే కెపాసిటర్ మీద వోల్టేజీ 415 నుంచి 446కి పెరుగుతుంది. పాత 440 వోల్టుల కెపాసిటర్లకే రియాక్టర్ తగిలించి ఇచ్చే ప్యానెల్ తీసుకోవద్దు. 525 వోల్టులవి వాడాలి. 415 దగ్గర 50 కేవార్ కావాలంటే 525 వోల్టుల రేటింగ్‌లో సుమారు 75 కేవార్ కెపాసిటర్ పడుతుంది. కొటేషన్‌లో "50 కేవార్" అని మాత్రమే ఉంటే ఏ వోల్టేజీ దగ్గరో అడగాలి.

మిగతావి క్లుప్తంగా. ఒకే పెద్ద డ్రైవ్, రోజంతా దాదాపు ఫుల్ లోడులో నడిచేది అయితే పాసివ్ ఫిల్టర్ (ఎలక్ట్రానిక్స్ లేకుండా చోక్‌లు, కెపాసిటర్లతో చేసేది) బాగుంటుంది, 10 శాతం లోపుకి తెస్తుంది. తక్కువ లోడులో దాని కెపాసిటర్లు లీడింగ్ కేవార్ ఇస్తాయి. డీజీ (డీజిల్ జనరేటర్) మీద నడిచేటప్పుడు జనరేటర్ వోల్టేజీని అదుపు చేసే ఏవీఆర్ దానికి తికమక పడుతుంది. కెపాసిటర్లని తప్పించే కాంటాక్టర్ ఉన్న మోడల్ తీసుకుంటేనే మంచిది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లున్న ప్లాంటులో డ్రైవ్‌లని రెండు సమాన గుంపులు చేసి ఒకటి డెల్టా స్టార్ మీద, ఒకటి డెల్టా డెల్టా మీద వేస్తే రెండు గుంపుల 5, 7వ హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 12 పల్స్ కిటుకు ఇదే. లిఫ్టు, క్రేను, సెంట్రిఫ్యూజ్ లాంటి బ్రేకింగ్ లోడుకి కొత్తగా డ్రైవ్ కొంటుంటే యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ (ఇన్‌పుట్‌లో డయోడ్లకు బదులు ఐజీబీటీలు ఉండే డ్రైవ్) గురించి ఆలోచించండి. 5 శాతం దగ్గర ఉంటుంది, కరెంటు వెనక్కి కూడా పంపుతుంది. పంపులకీ ఫ్యాన్లకీ అంత ఖర్చు అక్కర్లేదు.

కొలవకుండా ఏదీ కొనకండి. క్లాస్ ఏ పవర్ ఎనలైజర్‌ని ఇన్‌కమర్ (మెయిన్ సప్లై లోపలికి వచ్చే బ్రేకర్) దగ్గర వారం రోజులు ఉంచాలి, 10 నిమిషాల రికార్డులు తీయాలి. ఒక గంట కొలిచి ఇచ్చే రిపోర్టు పనికిరాదు. ట్రూ ఆర్ఎంఎస్ కాని చవక క్లాంపు మీటరు డ్రైవ్ ఇన్‌పుట్ కరెంటుని తక్కువగా చూపిస్తుంది. రిపోర్టులో శాతాలే కాక ఆంపియర్లు కూడా ఉండాలి. రాత్రి లోడు తగ్గినప్పుడు టీహెచ్‌డీ 60 శాతం కనిపించినా అది 20 ఆంపియర్ల మీద 12 ఆంపియర్లే కావచ్చు. దాన్ని చూపించి ఫిల్టర్ అమ్మేవాళ్లని టీడీడీ ఎంతో అడగండి.

ఫిల్టర్ ఆర్డరులో నాలుగు మాటలు రాయించాలి. ఏ పాయింటు దగ్గర, ఎంత లోడులో, ఎంత ఉష్ణోగ్రతలో, ఎంత టీడీడీ. కమిషనింగ్ రోజు ఒకే లోడు మీద వరుసగా ఫిల్టర్ ఆఫ్‌లో, ఆన్‌లో, ఏపీఎఫ్‌సీ ఆపి, ఏపీఎఫ్‌సీ పెట్టి, చివరగా డీజీ మీద రీడింగులు తీయించండి. జనరేటర్ ఇంపిడెన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కన్నా మూడు రెట్ల దాకా ఉంటుంది కాబట్టి అదే హార్మోనిక్ కరెంటుకి డీజీ మీద వోల్టేజీ ఎక్కువ వంకరపోతుంది. కరెంటు పోయినప్పుడు ఫిల్టర్ ట్రిప్ అవుతుందో నిలబడుతుందో అప్పుడే తేలుతుంది. ఈ ఐదు ప్రింటవుట్లు చేతికొచ్చాకే ఆఖరి చెక్కు ఇవ్వండి.